మొదటి లైనులో శ్రీరామ

రామనామం తప్పెలా అవుతుందో కామేశానికి ఎంతకీ అంతుపట్టలేదు. మఠం వెనక గట్టు మీద కూర్చుని, అదే మాట మనసులో తిప్పుకుంటూ నాగావళి కేసి చూస్తున్నాడు. నది తన మానాన తను పోతోంది.

జరిగింది ఇదీ.

నాగావళి ఒడ్డున ఆ మఠం చిన్నదే. ఏడాదికోసారి, మూడు రోజులపాటు, అక్కడ కంటి శుక్లాలకు ఉచితంగా ఆపరేషన్లు చేయిస్తారు. పట్నం నుంచి ఒక డాక్టరుగారు వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ కొండల మీద నుంచీ ముసలీ ముతకా వస్తారు. మూడు రోజులు కాగానే డాక్టరుగారు వెళ్ళిపోతారు. వంతు రానివాళ్ళు మళ్ళీ ఏడాదిదాకా ఆ మసకలోనే తడుముకుంటూ ఉండాలి.

మఠాధిపతిని అందరూ పెద్దస్వామి అంటారు. పూర్వాశ్రమంలో ఆయన టెలిఫోన్ల ఆఫీసులో కంప్యూటర్ల మనిషి. కాషాయం కట్టాక ఉద్యోగం వదిలారు గాని నల్ల తెరను మాత్రం వదల్లేదు. బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండని తెర అది. ఒక ముక్క టైపు చేస్తే జవాబు వరసలు వరసలుగా కింద పడుతుంది, అంతే. మఠం పనులన్నిటికీ ఆయన చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెట్టారు. ఒక్కోటి ఒక్కటే పని చేస్తుంది. చేసి, తన జవాబు పక్కదానికి అందిస్తుంది.

శిబిరం చీటీలు అలాగే తయారవుతాయి. 'పేర్లు' అనే ప్రోగ్రాము ఆ రోజు ఆపరేషన్ ఉన్నవాళ్ళ పేర్లు లైనుకొకటి చొప్పున చెబుతుంది. 'అద్దాలు' అనేది, అదే క్రమంలో, ఎవరి కంట్లో ఎంత నంబరు అద్దం పెట్టాలో లైనుకొకటి చొప్పున చెబుతుంది. మూడోది ఒక స్క్రిప్టు. అది మొదటి పేరుకి మొదటి నంబరు, రెండో పేరుకి రెండో నంబరు జోడించి చీటీలు అచ్చు వేస్తుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. ఆ చీటీని రవికకో చొక్కాకో పిన్నుతో గుచ్చి మనిషిని లోపలికి పంపుతారు. లోపల డాక్టరుగారికి ఆ చీటీయే ఆధారం.

పెద్దస్వామి రాసిన 'పేర్లు' చూసినప్పుడల్లా కామేశానికి చిన్నతనంగా ఉండేది. ఉత్త పేర్లు. పైన ఒక శీర్షిక లేదు, కింద ఒక ముగింపు లేదు. బోడిగా పడి ఉండేవి. ఇంత పేరున్న మఠానికి ఇదేం రాత అనుకునేవాడు, పైకి అనకపోయినా.

ఈసారి శిబిరానికి రెండు రోజుల ముందు స్వామి ఎగువ ఊళ్ళకు ప్రయాణమవుతూ, "చీటీల సంగతి నువ్వు చూసుకో నాయనా. మొదటి రోజు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను," అన్నారు. నాలుగేళ్ళ శుశ్రూషలో కామేశానికి దక్కిన మొదటి పెద్ద పని. పొంగిపోయాడు. ఆ పొంగులో 'పేర్లు' మొత్తం తిరగరాసేశాడు.

ఏం రాశాడని! మగవాళ్ళ పేర్లు నీలంగా, ఆడవాళ్ళవి ఎర్రగా మెరిశాయి. ప్రతి పేరు చివరా 'గారు' చేరింది. అన్నిటికీ పైన, మొదటి లైనులో, 'శ్రీరామ'. అట్టడుగున 'శుభం'. శివుడి మఠమైతేనేం, తెలుగింట పుట్టినవాడు తెల్లకాగితం మీద మొదట రాసేది శ్రీరామే కదా. పరీక్ష పేపర్ల మీద అదే రాసి పాసయ్యాడు. పెళ్ళి సరుకుల జాబితా మీద కూడా వాళ్ళమ్మ ముందు అదే రాసేది.

తెర మీద అంతా కళకళలాడింది. కామేశం దండం పెట్టుకుని లేచాడు. తెర మీద చూసుకున్నాడు గాని, స్క్రిప్టుకి ఇచ్చి చూడలేదు.

శిబిరం మొదలైన రోజు పొద్దున్నే నర్సు ఎస్తేరమ్మ చీటీల కట్ట తీసుకుని వసారాలోకి వచ్చింది. నలభై మంది గోడల వారగా బారులు తీరి కూర్చున్నారు.

"శ్రీరామ!" అని పిలిచింది.

నలభై మందీ చేతులెత్తి దండం పెట్టారు. "శ్రీరామ, శ్రీరామ," అని తిరిగి అన్నారు.

"బాగానే ఉంది. మనిషేడీ?" అంది ఎస్తేరమ్మ.

ఎవరూ లేవలేదు. బాత్రూముకి పోయుంటాడనుకుని ఆ చీటీ పక్కన పెట్టి రెండోది పిలిచింది.

రెండోది గవరమ్మది. కొండకింద ఊళ్ళో చింతపండు కొట్టుకు బతికే ముసలమ్మ. చూపు పూర్తిగా మూసుకుపోయి రెండేళ్ళయింది. "ఓలమ్మ, నానే," అంటూ లేచి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. కంట్లో చుక్కలు వేసి బల్ల మీద పడుకోబెట్టారు. చీటీ మీద పదిహేడున్నర అని ఉంది. డాక్టరుగారు పదిహేడున్నర అద్దం పెట్టె తెప్పించారు.

గవరమ్మ కంటికి కావలసింది ఇరవై మూడు. పదిహేడున్నర ఆమె తరవాత కూర్చున్నాయనది. ఒకసారి లోపల పెట్టాక అద్దం మళ్ళీ తీసి మార్చడం మాటలు కాదు. సరిపడనిది పడితే, ఆపరేషనయ్యీ కూడా ఆ ముసలమ్మకి లోకం మసకగానే ఉండిపోతుంది.

బయట ఎస్తేరమ్మ మిగతా చీటీలు సర్దుకుంటోంది. పేర్ల ముందు చీమలు పాకినట్టు ఏవో పిచ్చి గుర్తులు. కామేశం వేసిన రంగులు కాగితం మీదికి వచ్చేసరికి అలా అయ్యాయని ఆవిడకేం తెలుసు? మిషను పాడైందనుకుంది. కట్ట అడుక్కి వచ్చేసరికి ఆగిపోయింది. ఆఖరి చీటీ మీద 'శుభం' అని ఉంది. పక్కన నంబరు లేదు. దాని పై చీటీ మీద మనిషి పేరుంది గాని, దానికీ నంబరు లేదు.

ఇరవై ఏళ్ళ సర్వీసు ఆవిడది. కంప్యూటరు గురించి ఓనమాలు తెలియవు గాని, ఎక్కడో తేడా కొట్టిందని తెలిసిపోయింది. చెప్పులు కూడా విప్పకుండా ఆపరేషన్ గది గుమ్మం దాకా పరుగెత్తింది.

"డాక్టరుగారూ, ఆగండి! శుభం అని సినిమా ఆఖర్న వేస్తారు గాని ఎవరూ పేరు పెట్టుకోరు. మీ దగ్గరున్న నంబరు ఆ ముసలమ్మది కాదేమో చూడండి. చీటీలన్నీ ఒక మెట్టు జరిగిపోయాయి!"

డాక్టరుగారి చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది.

కొలతల పుస్తకం తెప్పించి చూశారు. నిజమే. మొదటి నంబరు శ్రీరామచంద్రుడికి పోయింది. అక్కణ్ణుంచి ప్రతివాళ్ళకీ పక్కవాళ్ళ నంబరు.

గవరమ్మ నంబరు చేత్తో రాసి ఆపరేషన్ చేశారు. తరవాత వాళ్ళకీ అంతే. పుస్తకం చూసి ఒకరు రాయడం, ఇంకొకరు సరిచూడడం. పని నత్తనడక నడిచింది. పదకొండయ్యేసరికి ఏడుగురే పూర్తయ్యారు.

ఈలోపు కామేశం నల్ల తెర ముందు కూర్చుని, మొదటి లైనూ ఆఖరి లైనూ వదిలెయ్యమని స్క్రిప్టుకి నేర్పాడు. కొత్త చీటీలు పట్టుకుని పరుగున వచ్చాడు. డాక్టరుగారు వాటిని ముట్టుకోలేదు.

"పొద్దున తెచ్చినవీ ఇలాగే ఉన్నాయయ్యా," అన్నారు. "పెద్దస్వామి వచ్చేదాకా నీ మిషను చీటీ ఒక్కటి కూడా లోపలికి రాకూడదు. చేత్తో రాసుకుంటూ పోతే సగంమందిని వెనక్కి పంపాల్సిందే. ఎవర్ని పంపాలో నువ్వే వెళ్ళి చెప్పు."

కామేశం వసారాలో మిగిలిన ముప్పై మూడు మంది కేసి చూడలేక గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు. భయం వేసింది. కానీ భయం కింద రోషం కూడా ఉంది. నేనేం పాపం చేశాను? దేవుడి పేరేగా పెట్టాను?

పెద్దస్వామి అన్నమాట ప్రకారం మధ్యాహ్నానికి వచ్చారు. ఎస్తేరమ్మ గుమ్మంలోనే అంతా చెప్పేసింది. ఆయన కాళ్ళు కడుక్కుని తిన్నగా గట్టు మీదికి వచ్చారు.

కామేశం లేచి నిలబడ్డాడు. "స్వామీ, ఆ స్క్రిప్టుకి బుద్ధి లేదు. శ్రీరామ అంటే మనిషి పేరు కాదని పసిపిల్లాడికి కూడా తెలుసు."

"దానికి తెలియదు మరి," అన్నారు స్వామి.

"నేర్పాను. మొదటి లైను వదిలేసి రెండో లైను నుంచి చదవమన్నాను. ఇప్పుడు బాగానే చదువుతోంది."

"వంటింటి స్క్రిప్టు కూడా ఆ పేర్లే చదువుతుంది. ఎన్ని లైన్లుంటే అన్ని విస్తళ్ళు."

"రెండు విస్తళ్ళు ఎక్కువవుతాయి, అంతేగా. దానికీ చెప్తాను."

"కంటి చుక్కల మందు పంచేదో?"

"దానికీ చెప్తాను."

"వచ్చే ఏడాది ఇంకెవరో వచ్చి ఇంకోటి రాస్తారు."

"వాళ్ళకీ చెప్తాను స్వామీ! దేవుడి పేరు పెట్టినందుకు పెట్టినవాడిదే తప్పా? చదివేవాటికి ఆమాత్రం జ్ఞానం ఉండక్కర్లేదా?"

పెద్దస్వామి పొద్దు కేసి చూశారు. "భోజనం చేశావా?" అని అడిగారు.

"లేదు."

"రా. బంతి వేస్తున్నారు. ఇవాళ నువ్వు పేషెంట్లతో కూర్చో."

శిబిరం రోజుల్లో ఆ మఠంలో వడ్డనకి ఒక పద్ధతుంది. కూర్చునేవాళ్ళకి ఒక కంటికి కట్టు ఉంటుంది, రెండో కంట్లో శుక్లం ఉంటుంది. విస్తట్లో ఏం ఎక్కడుందో కనబడదు. అడగడానికి మొహమాటం. మొదటి ఏడాది చాలామంది ఉత్త అన్నం తిని లేచిపోయారు. అది చూసి పెద్దస్వామి చోట్లు ఖాయం చేశారు. ఎడం చేతివైపు పై మూల ఉప్పు. దాని పక్క ఊరగాయ, ఆ పక్కన కూర, కుడి మూల పచ్చడి, మధ్యలో అన్నం. ఏ రోజు ఎవరు వడ్డించినా అంతే. లడ్డూ వచ్చినా పాయసం వచ్చినా పచ్చడికి అవతల పడాల్సిందే గాని, ఉన్న చోట్లలో ఒక్కటీ కదపడానికి లేదు. ఈ పద్ధతి కామేశానికి కంఠతా వచ్చు. నాలుగేళ్ళుగా వడ్డిస్తున్నది అతనే.

స్వామి ఎస్తేరమ్మ దగ్గర కట్టుగుడ్డ తీసుకున్నారు. కామేశాన్ని గవరమ్మ పక్కన కూర్చోబెట్టి, రెండు కళ్ళకీ గంతలు కట్టారు. శిక్షే అనుకున్నాడు కామేశం. ఇంతకంటే పెద్దది పడాల్సింది, పోనీలే అని కూడా అనుకున్నాడు.

తినడానికి ఏమీ ఇబ్బంది పడలేదు. చెయ్యి పెట్టిన చోట కూర దొరికింది. చెయ్యి పెట్టిన చోట పచ్చడి దొరికింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదేమో, ఆవురావురుమని తిన్నాడు. మజ్జిగ పోశారు. అలవాటుగా ఎడం మూలకి చెయ్యి జాపి, నిండుగా ఒక చిటికెడు తీసి అన్నంలో కలిపి, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

నాలిక మీద సున్నం పూసినట్టయింది. ముద్ద అంగిట్లో అతుక్కుపోయింది. బంతిలో కూర్చుని ఉమ్మలేడు, మింగలేడు. కళ్ళు మూసుకుని ఎలాగో మింగాడు. కళ్ళు ఎటూ మూసే ఉన్నాయనుకోండి.

"ఎవరు వడ్డించారు ఈ విస్తట్లో?" అని అరిచాడు.

"నేనే," అన్నారు పెద్దస్వామి, ఎదురుగా నిలబడి.

"స్వామీ, ఇది ఉప్పు కాదు. విభూతి!"

"అవును. శివరాత్రినాటి అభిషేక విభూతి. చాలా పవిత్రమైనది."

"పవిత్రమైతే మాత్రం..." అని ఆగిపోయాడు కామేశం.

పక్కనుంచి గవరమ్మ ఆదుర్దాగా తల తిప్పింది. "ఏటయినాది బాబూ? ఉప్పా? ఎడం పక్క మూలనుంటాది సూడు. నాకు సెయ్యెయ్యగానే దొరికిపోనాది."

స్వామి కొంచెం ముందుకు వంగారు.

"నీకు ఇంత జ్ఞానం ఉంది కదా నాయనా. మొదటి చిటికెడు వదిలేసి రెండోది కలుపుకోవలసింది."

కామేశానికి గంతల కింద మొహం వేడెక్కింది. పక్కన గవరమ్మ నిమ్మళంగా మజ్జిగన్నం తింటున్న చప్పుడు వినబడుతోంది. పొద్దున ఆమెకి ఏం జరగబోయిందో ఆమెకి తెలియదు. ఎవరూ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

స్వామికి మాత్రమే వినబడేంత నెమ్మదిగా, "తీసెయ్యడానికి చేతులు రావడం లేదు స్వామీ," అన్నాడు. "రాసిన పేరు. ఎలా చెరపను?"

"ముందు చెయ్యి కడుక్కురా."

తనే గంతలు విప్పుకుని, విస్తరి తీసి, నోరు పుక్కిలించి వచ్చాడు. పెద్దస్వామి నడుముకున్న చిన్న సంచిలోంచి అదే విభూతి తీశారు. కామేశం నుదుటి మీద మూడు వేళ్ళతో అడ్డంగా రాశారు. రాసి, వెళ్ళి మిగతా బంతికి మజ్జిగ పోయసాగారు.

కామేశం నల్ల తెర ఉన్న గదిలోకి వెళ్ళాడు.

ఆ తెర మీద ఏ ప్రోగ్రాముకైనా బయటికి రెండు దారులుంటాయి. ఒకటి పక్క ప్రోగ్రాముకి పోయేది. రెండోది దాని చెవిన పడకుండా, తెర ముందు కూర్చున్న మనిషికి మాత్రమే వెళ్ళేది. చేరిన కొత్తల్లోనే స్వామి రెండూ చూపించారు. రెండోది తప్పులు జరిగితే చెప్పుకోవడానికేననుకుని కామేశం ఎన్నడూ దానివంక చూడలేదు. ఇప్పుడు 'శ్రీరామ' లైనుని రెండో దారిలో పెట్టాడు. 'శుభం' కూడా అటే పంపాడు. రంగులు తీసేశాడు. 'గారు'లు తీసేశాడు. స్క్రిప్టుకి పొద్దున నేర్పిన తెలివితేటలన్నీ మరిపించాడు.

ప్రోగ్రాము నడిపించాడు. తెర మీద శ్రీరామ కనబడింది. దాని కింద పేర్లు, ఉత్తవి. ఈసారి తెర చూసి లేవలేదు. జవాబుని స్క్రిప్టుకే ఇచ్చాడు. నలభై పేర్లు, నలభై నంబర్లు, నలభై చీటీలు. కొలతల పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాడు. ఆపరేషనైపోయినవాళ్ళవి కూడా చదివాడు. గవరమ్మ, ఇరవై మూడు.

ఇంకా మిగిలినవాళ్ళ చీటీలు పట్టుకుని ఆపరేషన్ గది గుమ్మంలోకి వెళ్ళాడు. పెద్దస్వామి అక్కడే ఉన్నారు. డాక్టరుగారు చీటీల కేసి చూసి, స్వామి కేసి చూశారు.

"మీరు చూశారా స్వామీ?"

"లేదు. వాణ్ణే అడగండి."

డాక్టరుగారు కామేశం వైపు తిరిగారు. నుదుటి మీద విభూతి, కింద వాచిన కళ్ళు. చేతిలో కట్ట మాత్రం కదలకుండా ఉంది.

"ఏవయ్యా, ఈసారి కొత్తగా ఏం చేర్చావు?"

"ఏమీ చేర్చలేదండీ," అన్నాడు కామేశం.

డాక్టరుగారు చెయ్యి చాపి కట్ట అందుకున్నారు.